అబూ హమూర్‌లో పుట్టిల్లు

అబూ హమూర్, దోహా
12 సెప్టెంబర్ 2025, శుక్రవారం

జహనా,

సలాం. మరిది, ఆయన షాపు, మంచం మీది మీ అత్తమ్మ అక్తరున్నీసా బేగం గారు, అందరూ బాగున్నారని నిన్న ఫోన్‌లోనే విన్నాను. విన్నది అంతవరకే. నేను గొంతు తగ్గించి ఒక ముచ్చట మొదలుపెట్టానో లేదో, అవతల నుంచి పెద్దావిడ "ఏమంటున్నది? ఫోను ఇటు పెట్టు, గట్టిగ మాట్లాడుమను" అని కేక పెట్టింది. తుంటి ఎముక విరిగి ఏడాదిగా పక్క దిగకపోయినా ఆవిడ చెవులకు మాత్రం ఏ లోటూ రాలేదు, అల్లా చల్లగా చూడాలి. పోనీ మెసేజ్ పెడదామంటే మరిది చదువుతాడు. అందుకని మన అబ్బా సౌదీలో ఉన్న రోజుల్లో లాగా కాగితం, పెన్ను పట్టుకున్నాను. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ, బళ్లో నేర్చుకున్నది తెలుగు. అక్కాచెల్లెళ్ల ఉత్తరాలు ఎప్పుడూ తెలుగులోనే కదా. కోరుట్లకు లీవు మీద వచ్చేవాళ్లు ఎవరో ఒకరు దొరుకుతూనే ఉంటారు, వాళ్ల సంచిలో పడేస్తాను.

ముందు నీ కూతురి సంగతి. ఇరం బాగుంది. వాంతులు తగ్గాయి. అల్ వుకైర్‌లో వాళ్ల ఫ్లాట్‌కు వారానికి రెండుసార్లు పోయి చూసి వస్తున్నాను. అల్లుడు మతీన్ లుసైల్‌లో డ్యూటీ దిగి ఇంటికి చేరేసరికి అలసిపోయి ఉంటాడు గానీ, పిల్లను పువ్వుల్లో పెట్టి చూసుకుంటున్నాడు. అల్లుడి మీద అనుమానాలు పెట్టుకోకు.

ఇప్పుడు అసలు మాట. కాన్పు ఇక్కడే చేద్దాం జహనా. నెలలు నిండే ముందు ఇరంను మా ఇంటికి తెచ్చుకుంటాను. ఒకపక్క మీ అత్తమ్మను లేపి కూర్చోబెట్టాలి, ఇంకోపక్క బాలింత, పసిగుడ్డు. నీకు ఎన్ని చేతులున్నాయి?

ఇక్కడ ఎవరూ లేరనుకోకు. నేను కొత్తగా వచ్చిన రోజుల్లో నాలుగు తెలుగు మాటలు వినాలంటే మా ఆయన, అదే మీ దుల్హే భాయ్‌తో పోట్లాట పెట్టుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు నేను ఆయాగా పోయే స్కూలు బస్సులో వెనక సీట్లన్నీ మన పిల్లలవే. తెలుగులో తిట్టుకుంటారు, బురఖా వేసుకున్న ఆయాకు ఏం అర్థమవుతుందిలే అని. దిగేటప్పుడు చెవి మెలిపెడతాను. ఆ పిల్లల తల్లులంతా నాకు తెలుసు. ఏ గల్లీలో ఏ ఇంటికి బస్సు ఆగితే ఎవరు గడపలో నిలబడతారో, వాళ్లది ఏ జిల్లానో కళ్లు మూసుకుని చెప్తాను. ఆలోచించి రాయి.

నీ ఆపా,
ఖమర్ సుల్తానా


కోరుట్ల
25 సెప్టెంబర్ 2025

ఆపా,

వాలేకుం సలాం. నీ ఉత్తరం బియ్యం డబ్బాలో దాచి మూడుసార్లు చదివాను. మూడుసార్లూ కోపమే వచ్చింది.

మొదటి కాన్పు తల్లిగారింట్లో జరగాలి. ఇది నేను పెట్టిన పద్ధతి కాదు, నువ్వు తీసేసే పద్ధతీ కాదు. మా అత్తమ్మ మంచంలో ఉంటే ఉంది, నా కూతురి కాన్పు చెయ్యలేనంత చేతకానిదాన్ని అయిపోయానా? ముందు గదికి సున్నం వేయించాను. వెనక వీధి కనీజ్‌ను ఇప్పటినుంచే మాట్లాడి పెట్టాను, తల్లీబిడ్డలకు నూనె రాసి కాపడం పెట్టడంలో ఆమె చెయ్యి పడితే ఇక తిరుగులేదు. ఏడో నెలలో సత్వాసా ఇక్కడే చేస్తాను. ఒళ్లో పళ్లు, కొబ్బరికాయ, మిఠాయి నేను నింపాలి. నవంబర్ దాటితే విమానం వాళ్లు ఎక్కించుకోరట, అది కూడా కనుక్కున్నాను.

మా వీధి జహాంగీర్ లీవులో వచ్చాడు. లుసైల్‌లో డ్రైవర్ కదా, అల్ వుకైర్ ఎట్లుంటదిరా అని అడిగితే "ఇంటి ముంగట నిలవడి చూస్తే కంటికి ఆనినంత దూరం ఇసుకనే చిన్నమ్మా, మనిషి కనవడడు" అన్నాడు. ఆ ఇసుకలో నా బిడ్డకు నొప్పులొస్తే పలికేదెవరు?

నిజం చెప్పు. మతీన్ పంపనంటున్నాడా? టికెట్ దండుగ అని వాళ్ల అమ్మ అంటున్నదా? ఫోన్‌లో ఇరంను అడిగితే "చూద్దాం అమ్మీ" అని నీళ్లు నములుతున్నది. ఎవరో దాని నోరు నొక్కి పెట్టారు. ఆ ఎవరో నువ్వు కాకూడదని అల్లాను అడుగుతున్నాను.

నీ చెల్లెలు,
జహనారా


అబూ హమూర్
10 అక్టోబర్ 2025

ముక్కు మీద కోపం ఉన్న నా చెల్లెలికి,

జహాంగీర్ చూసింది అల్ వుకైర్ ఆ చివర. ఈ చివర పిల్లల పార్కు, ఇడ్లీ హోటలు ఉన్నాయని చెప్పలేదా? వాడు లీవులో వచ్చినప్పుడల్లా తన కష్టం కొంచెం పెంచి చెప్పుకుంటాడు, లేకపోతే వాళ్లమ్మ కోడి కొయ్యదు.

మతీన్ పంపనని అనలేదు. వాళ్లమ్మ ఊసే లేదు. ఇక్కడే ఉంచుదామని అన్నది నేను. ఇరం నోరు ఎవరూ నొక్కలేదు. కోపం తెచ్చుకుంటే నా మీదే తెచ్చుకో.

ఎందుకు అంటున్నానో చెప్తాను. మా ముస్తఫా పుట్టినప్పుడు అమ్మీకి ఆపరేషన్, నువ్వు చిన్నపిల్లవి, నేను రాలేకపోయాను. అంతా బాగుందని అప్పుడు రాశాను. బాగాలేదు. ఆస్పత్రి వాళ్లు బంగారం లాంటివాళ్లు, వాళ్లకు పేరు పెట్టను. ఇంటికి వచ్చాకే కష్టం మొదలైంది. పిల్లాడికి నీళ్లెట్లా పొయ్యాలో నాకూ తెలియదు, మీ దుల్హే భాయ్‌కూ తెలియదు. ఆయన ఏసీలు బాగుచేసే డ్యూటీ నుంచి వచ్చి చిల్లా నలభై రోజులూ కిచిడీ వండిపెట్టాడు, రోజూ ఒకే కిచిడీ, రోజూ అడుగంటింది. పక్క పోర్షన్‌లో ఫిలిప్పైన్ అమ్మాయి ఉండేది. నాకు ఆమె మాట రాదు, ఆమెకు నా మాట రాదు. నేను ఏడుస్తుంటే వచ్చి పిల్లాడిని ఎత్తుకుని నిలబడేది. ఈ ఊళ్లో ఇంకెవరూ ఇట్లా ఏడవకూడదని ఆ రోజే అనుకున్నాను.

ఆ తర్వాత ఎక్కడ కడుపుతో ఉన్న మనపిల్ల కనబడినా వదల్లేదు. బజారులో గాజులు చూసి పలకరించాను, బిర్యానీ కొట్టు దగ్గర మాట విని వెంటపడ్డాను. ఒకరి కాన్పుకు ఒకరు పోవడం అట్లా మొదలైంది. ఇప్పుడు ఏ ఇంట్లో బిడ్డ పుట్టినా వంట ఒకరు, స్నానం ఒకరు, పెద్దపిల్లల్ని చూసేది ఒకరు, అడగకముందే దిగిపోతారు. రాయచోటి అంకాలమ్మ అని ఒకామె ఉంది, ఒక ఇంట్లో పని చేస్తుంది. ఆమె భర్త దస్తగిరి అదే ఇంటి డ్రైవరు. హిందువులే, దర్గా మొక్కు పేరు. ఆ దంపతుల శుక్రవారం సెలవు సగం మా బాలింతలకే పోతుంది.

నాకు ఆడపిల్ల లేదు జహనా. ఇంతమంది కాన్పులు చేయించాను, నా ఇంటిపిల్ల కాన్పు ఒక్కటి చెయ్యాలని ఉంది. ఇదీ నా స్వార్థం. దాచుకోను.

నీ ఆపా


అబూ హమూర్
8 నవంబర్ 2025

నా మంచి జహనాకు,

ఉత్తరం రాయకపోయినా నీ మనసు అందింది. జహాంగీర్ లీవు ముగించుకొచ్చి పార్శిల్ ఇచ్చి వెళ్లాడు. విప్పి చూస్తే ఆకుపచ్చ జోడా, జరీ దుపట్టా, గాజులు! సత్వాసా బట్టలు తల్లే పంపిందంటే ఇంకేం చెప్పాలి? కళ్లకు అద్దుకుని "మా చెల్లెలు ఒప్పుకుంది" అని ఇల్లంతా తిరిగాను.

నిన్న శుక్రవారం మా ఇంట్లోనే చేశాం. ఎంతమందిని పిలవాలా అని నేను లెక్క వేసుకుంటుంటే, పిలవనివాళ్లు కూడా వచ్చేశారు. కోరుట్ల, మెట్‌పల్లి వాళ్లు సరే, నిర్మల్ వాళ్లు, కడప వాళ్లు, అమలాపురం వైపు టీచరమ్మ, ఆమె వెంట ఇంకో నలుగురు. చెప్పులు విప్పడానికి గుమ్మంలో చోటు లేక మెట్ల దాకా పోయాయి. మగవాళ్లను బయటికి తోలేశాం. దస్తగిరి కారులో కూర్చుని టీ తాగుతూ కాపలా కాశాడు.

తలా ఒక పద్ధతి మొదలుపెట్టారు. టీచరమ్మ "గాజులు ముందు తొడగాలండీ, తర్వాత ఒడి నింపుతారు" అంది. అంకాలమ్మ అడ్డొచ్చి "యాడి పద్ధతమ్మా అది? కడుపుతో ఉండే పిల్లను ఊరికే కూచోబెట్టి గాజులంటారే, ముందు దానికి తినేదానికి ఏమన్నా పెట్టండి" అంది. ఇరం పడీపడీ నవ్వింది. నువ్వు పంపిన జోడాలో పిల్ల వెలిగిపోయిందనుకో. ఒళ్లో మొదటి పండు నేను పెట్టాను. నీకు వీడియో కలపాలని రెండుసార్లు చూశాం, మరిది ఫోను షాపులో ఉందట. ఫోటోలు పంపాను, చూసే ఉంటావు.

ఇంత సంతోషం నాకు ఈ మధ్య తెలియదు. నీ వల్లనే.

ఆపా


కోరుట్ల
15 నవంబర్ 2025

ఖమర్ సుల్తానా గారికి,

ఫోటో చూశాను. వీధంతా చూసింది. నాకంటే ముందు మా ఆడబిడ్డ చూసి "నీ బిడ్డ సత్వాసకు నిన్నే పిలవలేదా వదినే?" అని అడిగింది. ఏమని చెప్పాలి?

ఆ జోడా నేను పంపింది విమానంలో వేసుకుని రావడానికి. ఏడో నెల పిల్ల తల్లిగారింటికి ఆకుపచ్చ జోడాలో గడప తొక్కాలి. ఇది నీకు తెలియదా? అమ్మీ నా చేత అట్లా తొక్కించింది, నువ్వు చూసినవే. టికెట్ ఎప్పటిదో ఇరం చెప్తుందని ఎదురు చూస్తూ కూర్చున్నాను. మిఠాయికి హల్వాయి వాడికి చెప్పి పెట్టాను. నువ్వేమో నా బట్టలు నా బిడ్డకు తొడిగి, నీ ఇంట్లో కూర్చోబెట్టి, నీ చేత్తో ఒడి నింపావు.

సత్వాసా చేసిన ఇల్లే కాన్పు చేసే ఇల్లు. ఇది ఎవరూ మార్చలేరు. ఇప్పుడు నేను ఇరంను ఇక్కడికి రమ్మంటే నింపిన ఒడి ఇప్పుకుని రమ్మన్నట్టు. అంటే నా చేతిలో ఏమీ మిగల్లేదు. నీకు ఆడపిల్ల లేదని రాశావు కదా. ఇప్పుడు ఉంది. నాకే లేదు.

పెళ్లి సంబంధం తెచ్చింది నువ్వు. పిల్లను అంత దూరం పంపమన్నది నువ్వు. ఒక్కొక్కటీ నవ్వుతూ తీసుకుపోయావు. నువ్వు ఈ వీధిలోంచి తీసుకుపోయింది ఒక్క ఇరంనేనా? మీ ఊరు నిండింది అని మురిసిపోతున్నావు, మరి ఖాళీ అయింది ఎవరి ఊరో ఆలోచించావా?

ఇక ఉత్తరాలు వద్దు.

జహనారా


అబూ హమూర్
21 నవంబర్ 2025

జహనా,

వద్దన్నా రాస్తున్నాను. ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి నువ్వు చదివే తీరాలి.

తప్పు నాదే. జోడా చూడగానే ఒక్క ఫోన్ చేసి "ఎందుకు పంపావే" అని అడిగితే పోయేది. అడగలేదు. అడిగితే నాకు కావలసిన జవాబు రాదేమోనని లోపల ఒక భయం ఉంది. అడగకుండా సంతోషపడటం సులువు. ఒళ్లో పండు పెడుతున్నప్పుడు కూడా ఇది తల్లి చెయ్యి కదా అని ఒక క్షణం అనిపించింది. అయినా పెట్టాను. నన్ను క్షమించు.

సత్వాసా వెనక్కి తీసుకోలేను. కాన్పు మాత్రం నీకు ఇవ్వగలను. విను, విన్నాకే కోపపడు.

ఇరం ఇప్పుడు విమానం ఎక్కే స్థితిలో లేదు, కాళ్లకు వాపు ఉంది, డాక్టరు కదలొద్దన్నాడు. నువ్వే రా. మతీన్ విజిట్ వీసా తీస్తాడు, ఆ సంగతి వాడితో మాట్లాడాను. మీ అత్తమ్మను ఎవరు చూస్తారంటావు. నేను చూస్తాను. స్కూలుకు చలికాలం సెలవులు వస్తున్నాయి, వాటికి ఇంకొన్ని కలిపి అడిగాను, మేడమ్ ముందు మొహం మాడ్చుకుని తర్వాత "యల్లా, పో" అంది. నేను కోరుట్లకు వచ్చి మీ ఇంట్లో ఉంటాను. నువ్వు అబూ హమూర్‌లో మా ఇంట్లో ఉండు. నా వంటగది, నా మంచం, నా తాళాలు అన్నీ నీవి. మీ దుల్హే భాయ్ ముస్తఫా గదిలోకి మారతారు. ఆస్పత్రికి ఇరం పక్కన పోయేది తల్లి. బిడ్డను మొదట ఎత్తుకునేది అమ్మమ్మ. ఆ పూట నేను ఈ దేశంలోనే ఉండను.

ఇది రాయడం నాకు తేలిక కాదు. ఇంతకంటే ఏం చెప్పాలో తెలియడం లేదు.

ఖమర్


కోరుట్ల
6 డిసెంబర్ 2025

ఆపా,

నాలుగు రోజులు నీ ఉత్తరానికి జవాబు రాయకూడదని పట్టుబట్టాను. అయిదో రోజు ఇరం ఫోన్ చేసింది. స్పీకర్ కట్టేసి పెరట్లోకి పోయి మాట్లాడాను. అప్పుడు చెప్పింది, "అమ్మీ, ఇక్కడే ఉంటానన్నది నేనే. నాకు మతీన్‌ను విడిచి రావాలని లేదు. నీకు చెప్పే ధైర్యం లేక ఖాలాను చెప్పమన్నా. ఖాలా తన పేరు పెట్టుకుంది" అని. మొద్దుపిల్ల, ఈ మాట సెప్టెంబర్‌లో చెప్తే మనిద్దరం ఇన్ని మాటలు అనుకునేవాళ్లమా? నువ్వు కూడా తక్కువదానివా, దాని భయాన్ని నీ నెత్తిన వేసుకుని నా చేత తిట్లు తిన్నావు. తిట్టినందుకు నాకు బాధగానే ఉంది. సత్వాసా మీద కోపం మాత్రం పోలేదు, ఆ రెండూ కలపకు.

మీ మరిదితో చెప్పాను. సరే అన్నాడు. అత్తమ్మతో చెప్పడానికే రెండు రోజులు వెనకాముందాడాను. మంచం పక్కన కూర్చుని మెల్లగా మొదలుపెడితే "మెల్లగ ఎందుకు చెప్తున్నవు, నాకన్నీ తెలుసు. పెరట్ల మాట్లాడితే కిటికీల్నుంచి వినవడదా?" అన్నది. తర్వాత తనే, "పో బిడ్డా. మొదటి కాన్పుకు తల్లి లేకపోతే ఎట్ల? పెద్దదాన్ని రమ్మను. దానికి నా మందుల టైము రాసిచ్చి పో" అన్నది. ఇన్నేళ్లలో నన్ను బిడ్డా అని పిలిచింది అప్పుడే. ఏడుపొచ్చింది ఆపా, ఆవిడకు కనబడకుండా కొంగుతో తుడుచుకున్నాను.

ఆమెను తిప్పి పడుకోబెట్టడానికి రోజూ పొద్దున కనీజ్ వస్తుంది. ఒక్కదానివే లేపకు, నీ నడుము పోతుంది. చాయ్‌లో చక్కెర వద్దని డాక్టర్ అన్నాడు, ఆవిడ అడుగుతుంది, ఇవ్వకు.

నాకు విమానం భయం. ఎవరికీ చెప్పకు.

జహనారా


కోరుట్ల
2 జనవరి 2026, శుక్రవారం

అబూ హమూర్‌లో ఉన్న జహనారా గారికి,

కోరుట్ల నుంచి మీ ఆపా సలాం. ఈ మాట రాస్తుంటే నాకే నవ్వు వస్తోంది. నువ్వు నా మంచం మీద, నేను నీ మంచం మీద!

మీ అత్తమ్మ దివ్యంగా ఉంది. మొదటి రోజు నన్ను ఎగాదిగా చూసి, నేను ఒళ్లు తుడిచాక "చిన్నదాని చెయ్యి గరుకు, నీది మెత్తగున్నది" అంది. పొంగిపోకుండా ఉన్నాను, రేపు నా గురించి ఎవరితో ఏమంటుందో! చక్కెర అడిగింది. ఒక్క చెంచా వేశాను. తిట్టుకో.

నీకు ఒక మాట చెప్పాలి. నా ఊరికి వచ్చానని గర్వంగా దిగాను. వీధి చివర నుంచి మన పాత ఇంటి దాకా నడిచాను, పలకరించినవాళ్లు ఇద్దరు. మిగతావి తాళాలే. ఒక ముసలాయన "ఎవరింటికమ్మా?" అని అడిగాడు. నేను పుట్టిన వీధిలో జహనా! అందరూ ఏరి అని కనీజ్‌ను అడిగితే "దుబాయ్‌ల ఉన్నరు" అంది. ఇక్కడివాళ్లకు దోహా అయినా దుబాయే. వాళ్లలో సగం మంది మా బస్సు ఆగే ఇళ్లల్లోనే ఉన్నారు, నాకు తెలుసు. నువ్వు నవంబర్‌లో కోపంగా రాసిన ముక్క అప్పుడు గుండెల్లో గుచ్చుకుంది. మేం అక్కడ ఒకరికొకరు దొరికామని మురిసిపోయాను. ఇక్కడ మిగిలినవాళ్లకు ఎవరు దొరికారు? ఇక్కడ ఉన్నన్ని రోజులు పొద్దున్నే తాళం లేని ఇళ్లన్నీ తిరిగి పలకరించి వస్తున్నాను. అంతకంటే తోచలేదు.

ఏ పని చేస్తున్నా చెవి ఫోను మీదే. ఇరంకు నొప్పులు మొదలైతే వెంటనే చెప్పు. నేను అక్కడ ఉండనని మాట ఇచ్చాను, వినడానికి కూడా ఉండనని ఇవ్వలేదు. నీ దగ్గర దాచను, ఒళ్లంతా అక్కడికే లాగుతోంది.

అల్మారా పై అరలో నువ్వుల నూనె ఉంది. చిన్న గిన్నెలో వేడి చేసుకో, పెద్దది చిల్లు.

ఆపా


అబూ హమూర్
16 జనవరి 2026, శుక్రవారం

ఆపా,

ఫోన్‌లో అంతా చెప్పాను అనుకుంటున్నావా? అటు మా అత్తమ్మ, ఇటు ఇంటినిండా ఆడవాళ్లు, ఏం చెప్పనిచ్చారు? ఉత్తరం అందరి కంటే మేలు. దస్తగిరి వాళ్ల చుట్టం ఒకతను హైదరాబాద్ మీదుగా పోతున్నాడు, అతని చేతికిస్తున్నాను.

పాప పుట్టి పది రోజులు, నిన్నటికంటే ఈ రోజు కళ్లు బాగా తెరుస్తున్నది. రంగు మతీన్‌ది, ముక్కు మనది, కోపం ఎవరిదో నువ్వే వచ్చి చెప్పాలి. ఆస్పత్రిలో నర్సు తెచ్చి మొదట నా చేతుల్లోనే పెట్టింది. ఇరం నన్ను చూసి "అమ్మీ, నువ్వు వచ్చినవ్" అన్నది, రెండు వారాల నుంచి పక్కనే ఉన్నాను, ఆ మాట అప్పుడన్నది. ఆ ఒక్క మాట కోసం విమానం ఇంకో పదిసార్లు ఎక్కుతాను.

ఇక మీ ఊరి సంగతి. నేను దిగిన మర్నాడే అంకాలమ్మ తలుపు కొట్టింది. "ఖమరక్క చెల్లెలివి నువ్వేనా? మొగం అట్లే ఉండాది, నోరు ఎట్లుంటాదో చూడాల" అన్నది. నాకు మొదట కోపం వచ్చింది, తర్వాత నవ్వొచ్చింది. బాలింత ఇంటికి వచ్చిన రోజు నుంచి పథ్యం మీద పంచాయితీ. ఆమె వెల్లుల్లి కారం, వేడి అన్నం అంటుంది. టీచరమ్మ "అంత కారం పెడితే పాపకి పడదండీ, కాయం పెట్టండి" అని ఆ బాలింత మందు ముద్ద తన ఇంట్లో చేసి తెచ్చింది. నేను వాము, బెల్లం వేసి అచ్వానీ కాచాను. ఇరం మూడూ మింగి, రహస్యంగా మతీన్‌తో పిజ్జా తెప్పించుకోబోయి దొరికిపోయింది. ముగ్గురం కలిసి తిట్టాం. అప్పటినుంచి మాకు స్నేహం కుదిరింది.

అంకాలమ్మ పాపను కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోస్తుంటే పక్కన నిలబడి చూశాను. నేనే పొయ్యాలని పట్టుబట్టి వచ్చినదాన్ని, ఆ చేతులు చూసి నోరు మూసుకున్నాను. తుడుస్తూ, "నా బిడ్డ కాన్పుకు నేను రాయచోటి పోలేకపోతినమ్మా, సెలవు ఇయ్యలే. ఈ పిల్లోళ్లకు పోసుకుంటా ఉండా" అన్నది. ఆమె తడి చెయ్యి పట్టుకున్నాను ఆపా.

మన వీధివాళ్లు ఎంతమంది వచ్చారనుకున్నావు! జుబేదా పిన్ని కోడలిని, ఇటుకల బట్టీ వాళ్ల పిల్లలను పెళ్లిళ్లయ్యాక మళ్లీ ఇక్కడే చూశాను. నువ్వు అక్కడ తాళాలు చూస్తుంటే నేను ఇక్కడ వాటి యజమానులకు చాయ్ పోస్తున్నాను. వచ్చిన ప్రతి మనిషీ ముందు అడిగేది "ఖమర్ ఆపా ఏది?" అనే. మొదట్లో ఒళ్లు మండింది, పిల్ల తల్లిని నేను కదా అని. ఇప్పుడు వాళ్లకంటే ముందు నేనే చెప్తున్నాను, మా ఆపా వస్తుంది అని.

నీకు చెప్పకుండా దాచింది ఒకటి ఉంది. చిల్లా అయిపోగానే తల్లీబిడ్డలను నాతో కోరుట్లకు తీసుకొచ్చెయ్యాలని లోపల లోపల అనుకుని విమానం ఎక్కాను. మతీన్‌ను ఎట్లా ఒప్పించాలో కూడా ఆలోచించుకున్నాను. ఆ ఆలోచన వదిలేశాను. ఎత్తుకోవడానికి ఇన్ని చేతులున్న చోటు నుంచి పాపను తీసుకుపోయి తాళాల మధ్య ఎందుకు పెట్టాలి? నా కోసం మాత్రమే కదా. ఏడాదికోసారి నేనే వస్తాను. విమానం అంత భయంగా ఏం లేదు.

చిల్లా స్నానం రంజాన్ నెల మొదలవకముందే వస్తుంది. దానికి నువ్వు ఇక్కడ ఉండాలి. కనీజ్‌తో మాట్లాడాను, ఆ వారం రోజులు రాత్రింబవళ్లు అత్తమ్మ దగ్గరే ఉంటుంది. ఇంతకు ముందైతే అత్తమ్మను బయటివాళ్ల చేతిలో పెట్టే ధైర్యం నాకు వచ్చేది కాదు. అత్తమ్మ నిన్ను పంపనంటున్నది. "చిన్నదాన్ని అక్కడే ఉంచుకోండి, పెద్దది చాయ్ మంచిగ చేస్తది" అన్నది. ఎన్ని చెంచాల చక్కెర వేస్తున్నావో ఇప్పుడు అర్థమైంది. వచ్చాక నీ పని చెప్తాను.

సత్వాసా నేను లేకుండా నువ్వు చేశావు. కాన్పు నువ్వు లేకుండా నేను చేశాను. ఇద్దరం ఒకచోట నిలబడి ఈ పిల్లకు చేసింది ఇంకా ఒక్కటీ లేదు. నలభయ్యో నాడు నీళ్లు నేను కాస్తాను, పోసేది నువ్వు. వచ్చెయ్ ఆపా.

నీ జహనా